కళ్లకద్దుకుని కోసిన పుస్తకాలు

రఘుపతి కోపాన్ని మా గల్లీ ఒక్కసారే చూసింది. అది ఇంకా చల్లారలేదు. కోపం మంచిది కాదని రోజూ హనుమంతుడి గుడిలో చెప్పుకునేవాణ్ని నేను. ఈ ఒక్క విషయంలో మాత్రం అది చల్లారకపోతేనే బాగుండుననిపిస్తుంది.

గోదావరిఖనిలో ఆయనది మా పక్కిల్లు. బొగ్గుబావిలో టింబర్‌మన్‌గా చేసి పోయినేడాది రిటైరయ్యాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. లోపలికి పోగానే కర్రతో కప్పును కొట్టి వినాలి. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే అందరినీ వెనక్కి పిలవాలి. ఆయన చెవి వల్లే బతికామనేవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు.

ఆయన వయసులో ఉండగా, కొత్త పద్ధతి నేర్పడానికి ఫ్రాన్సు నుంచి ఇంజనీర్లు వచ్చారు. వాళ్లలో ఒకాయన తిరిగి పోతూ, తోలు అట్ట వేసిన నవల ఒకటి ఈయన చేతిలో పెట్టాడు. వీపు మీద బంగారు అక్షరాలు. లోపల, అచ్చువేసిన కొద్ది ప్రతుల్లో అది ఎన్నోదో చెప్పే, సిరాతో రాసిన అంకె. అప్పటి నుంచి అదే పిచ్చి. హైదరాబాదుకు ఏ పని మీద పోయినా పాత పుస్తకాల ఫుట్‌పాత్‌లు వెతికేవాడు. తర్వాత్తర్వాత ఫోనులో చూసి పోస్టులో తెప్పించుకునేవాడు. ఫ్రెంచివే కావాలి, తోలు అట్టవే కావాలి, అంకె ఉన్నవే కావాలి. బీరువాలో రెండు అరలు నిండాయి.

ఆయన భార్య తిరుమల మొదట్లో ఊరుకోలేదు. "దేవుని ఎదురుంగ తోలు పెడ్తవా?" అని బీరువాను అవతలి గోడకు జరిపించింది. వానాకాలంలో బూజు పట్టకుండా మెత్తటి చీర పేలికతో వాటిని తుడిచిందీ ఆమే.

ఈ మధ్య ఫోను కెమెరాను పేజీ మీద పెడితే తెలుగులో చూపిస్తోంది. వంకరటింకర తెలుగే. సాయంత్రంపూట ఆయన చదివేవాడు, ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. ఓడరేవు ఊళ్లో లాంతర్లు అమ్మే పిల్ల కథ సగానికి వచ్చింది. తండ్రిని జైల్లో పెట్టించిన షావుకారు ఇంటికే ఆ పిల్ల లాంతరు పట్టుకుని పోయి తలుపు కొట్టింది. అక్కడ ఆగారు.

ఆగింది తిరుమల తమ్ముడు జైపాల్ వల్ల. బసంత్‌నగర్‌లో సిమెంటు లారీలు తిప్పి కొత్తిల్లు కట్టాడు. గృహప్రవేశానికి ముందు వచ్చి, "అక్కా, మా హాల్ల షోకేసుకు గీ పుస్తకాలు మస్తుంటయ్. దావత్ అయినంక తెచ్చిస్త" అన్నాడు. ఇంట్లో రఘుపతి లేడు. ఆమె పాత దుప్పట్లలో చుట్టి ఇచ్చింది. ఆయన వచ్చాక కూడా, "పోనియ్, నాలుగు దినాలే గద" అన్నాడు. అంత మంచివాళ్లు.

గృహప్రవేశానికి మేమూ పోయాం. హాల్లో టీవీ చుట్టూ షోకేసు, లైట్లు, అందులో బారులు తీరిన పుస్తకాలు. రఘుపతి ముఖం వెలిగింది. అద్దం జరిపి, పాత అలవాటు కొద్దీ వేలి కణుపుతో ఒకదాని వీపు మీద కొట్టాడు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇంకోదాన్ని కొట్టాడు. మళ్లీ ఇంకోదాన్ని.

"జైపాల్, గివి డొల్లగ మోగుతున్నయేందిరా?"

"అదా బావా! షోకేసు మూడు వేళ్ల లోతే గద, పుస్తకాలు పట్టలే. శివ మిషన్ మీద పెట్టి, వీపు దిక్కు ఉంచి మిగిలింది కోసేసి, వెనక చెక్కకు ఫెవికాల్‌తోని అంటవెట్టిండు. చూసెటోళ్లకు ఫరక్ తెలుస్తదా చెప్పు?"

"కోసినవా? నా పుస్తకాలు గడ్డి కోసినట్టు కోసినవారా?"

ఆ అరుపుకు వంటల దగ్గరున్న జనం కూడా లోపలికి వచ్చారు. వడ్రంగి శివ భోజనానికి వచ్చి అక్కడే ఉన్నాడు. చేతులు కట్టుకుని, "కాకా, నాకు భయమే అయింది. సరస్వతి గద! ఒక్కొక్కదాన్ని కండ్లకద్దుకొనే కోసిన. మిగిలిన కాయితాలు తొక్కుతరని బస్తాల కట్టి సజ్జ మీద పెట్టిన" అన్నాడు.

"ఇన్నరా? కండ్లకద్దుకొని కోసిండట! మొక్కి మరీ మెడ కోసిండట!"

శివ చెడ్డవాడు కాదు. మా గుడి తలుపులు కూలి తీసుకోకుండా చేసిచ్చాడు. నా కోపమూ అందుకే. సరస్వతి అని తెలిసినవాడు 'వద్దన్నా' అని ఒక్క మాట అనలేకపోయాడా? మన భక్తి కళ్ల దాకా వచ్చి అక్కడే ఆగిపోతే, చేతులకు బుద్ధి ఎవరు చెప్పాలి?

జైపాల్ కొత్తబట్టల పళ్లెం తెచ్చాడు. "చుట్టాల ముంగట ఇజ్జత్ తియ్యకు బావా. బట్టలు పెడ్త, కూసో. అయినా నీకు ఫ్రెంచి వచ్చా ఏంది, గవి చదువుతందుకు?"

మాట్లాడింది తిరుమల.

"ఆ పిల్ల తలుపు కొట్టిందిరా."

"ఏ పిల్ల అక్కా?"

"తలుపు కొట్టింది. తీసిండ్రో లేదో నాకు తెల్వది. ఇగ నువ్వే చెప్పు, చెప్పురా!"

ఆమె వంటవాళ్ల దగ్గరి నుంచి అట్లకాడ తెచ్చి, మొదటి పుస్తకం వెనక దూర్చి పెకలించింది.

"అక్కా, పాలిష్ పోతది!"

"నీ పాలిష్‌ల మన్నువడ!"

అడ్డుపడే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఒక్కొక్కటే ఊడదీస్తుంటే రఘుపతి కండువాలో పట్టుకున్నాడు. శివ తనంతట తానే సజ్జ ఎక్కి బస్తా దించాడు. మేమెవరమూ అన్నం ముట్టలేదు. అక్క తినకుండా పోయిన గృహప్రవేశం అది. తిరుగు బస్సులో ముక్కూమొహం తెలియని ఒక అవ్వ కాళ్లు ముడుచుకుని ఆ బస్తాకు జాగా ఇచ్చింది. ఏముందని కూడా అడగలేదు.

ఇంటికొచ్చి చూస్తే, పుట ముందువైపు ప్రతి వరసకూ మొదలు లేదు, వెనకవైపు చివర లేదు. ఆ మాటలు వీపుకు అంటుకుని ఉన్న రెండు వేళ్ల ముక్కలో ఉన్నాయి. తర్వాత జైపాల్ పంపిన బట్టలు పంపినట్టే వెనక్కి పోయాయి.

ఇప్పుడు సాయంత్రాలు రఘుపతి వీపుముక్కను విప్పి పట్టుకుంటాడు. తిరుమల బస్తాలోంచి పుటలు తీసి, దానికి ఆనించి సరిపోతుందా అని చూస్తుంది. ఫోను పట్టుకునే పని నాది. తలుపు కొట్టిన పుట మొన్ననే దొరికింది. తలుపు తీసింది షావుకారు కాదు, ఎవరో ఆడమనిషి. లాంతరు వెలుగులో పిల్ల ముఖం చూసి ఏదో అంది. ఏమన్నదో తెలియదు. ఆ అక్షరాలు ఫెవికాల్‌తో జైపాల్ షోకేసుకే అంటుకుని ఉండిపోయాయి.

"వాని చేతులిరగ," అంది తిరుమల. "ఇంకో కాయితం పెడ్త, సరిగ్గ పట్టుకో."