నర్సింగం మామ దూప

మా నర్సింగం మామ గుజరాత్ దిక్కు పాండేసరల ఒక బట్ట కార్ఖానాల ఎనిమిది సాంచాలు, గదే మరమగ్గాలు, నడిపేటోడు. నేను గూడ గా కార్ఖానాలనే పనిచేస్త. గంత చప్పుట్ల గూడ ఏ సాంచ మీద పోగు తెగిందో మామ ఎనుకకు తిరగకుండనే చెప్తడు. గసోంటి మనిషికి పోయిన ఎండకాలం కొత్త పని దొరికింది: నీళ్లు తాగుడు, ఒంటేలుకు పోవుడు.

రోజుకు పదిహేను లీటర్లు తాగినా దూప తీరకపోతుండె. నేనే లెక్కవెట్టిన, గిట్లాంటి పనులకు నాకు మస్తు ఓపిక.

"మామా, తాపీ నది నుంచి నీకు పైపు ఏపియ్యాల్నా?" అంటే, "జర పెద్దది చూడు అల్లుడా, గా సన్న పైపు సాలది" అనేటోడు.

నవ్వులాట బాగనే ఉండె. సాంచాలు మాత్రం నవ్వయి గదా. మామ బయటికి పోయినప్పుడల్ల ఏదో ఒక పోగు తెగుడు, సాంచ ఆగుడు. మాస్టర్ పరుశురాం మంచోడే, గాయన గూడ ఎన్ని రోజులని ఊకుంటడు?

"నర్సింగన్నా, ఇంకో వారం చూస్త. గిట్లనే అయితే నీ సాంచాలు ఇంకొకలకు ఇయ్యాలె" అన్నడు.

ముప్పై ఏండ్ల సంది మామకు గా పని తప్ప ఇంకోటి రాదు. ఆ దినం ఆయన అన్నం ముట్టలే. నీళ్లు మాత్రం తాగిండు.

అందరు షుగరే అన్నరు. పరీక్ష చేపిస్తే లేదు. అయితే చెమటే అన్నది మామ పెండ్లాం, మా లింగవ్వ అత్త. సాంచాల కాడ ఎవలకు దూపైనా మాకు ఒకటే మందు, ఉప్పు. అత్త మజ్జిగల గుప్పెడు ఉప్పు గుమ్మరిచ్చి తాపింది. దూప ఇంకింత పెరిగింది.

గప్పుడు నా తెలివి బయటికొచ్చింది. తాగితేనే గదా పోయేది? ఒకనాడు పొద్దుగాల మామ బాటిళ్లు రెండు బట్ట తాన్ల ఎనుక దాచిన. నీళ్ల కూలర్ నల్లా బంద్ చేసి, 'ఖరాబైంది' అని కాయితం అంటువెట్టిన.

పదకొండు గొట్టేటాల్లకు మామ పెదవులు ఎండినయ్, నాలుక మడతవడ్డది. ఒంటేలుకు పోవుడు మాత్రం ఒక్కపారి గూడ తగ్గలే! చూస్తే మామ తెగని పోగుకు ముడి ఎయ్యవట్టిండు.

"మామా!" అన్న.

"ఎవలు నువ్వు?" అన్నడు.

నా నవ్వులాట గాడనే సచ్చింది. ఉరికి బాటిల్ తెచ్చి నోటికి పెట్టిన. మామను ఆటోల ఏసుకోని, తొవ్వల అత్తను ఎక్కించుకోని దవాఖానకు తీస్కపోయిన.

డాక్టరమ్మ గుజరాతీ ఆమె. నేను చేసింది విని హిందీల మస్తు తిట్టింది. "నీళ్లు ఆపి చూసే పరీక్ష మాకు గూడ ఉన్నది. మేం పక్కన కూసోని, బరువు జోకుకుంట, రక్తం చూస్కుంట చేస్తం. నువ్వు కార్ఖానాల చేస్తవా?"

మామ రక్తంల ఉప్పు పెరిగింది, ఒంటేలు మాత్రం నల్లా నీళ్ల లెక్క ఉంది. తలకాయకు ఎన్నడన్న దెబ్బ తాకిందా అని అడిగింది.

"హోలీకి ముంగట మెట్ల మీదికెళ్లి పడ్డడు. ఒక్కనాడు పండుకోని లేసిండు, గంతే" అన్నది అత్త.

తల స్కాన్ చేసినంక డాక్టరమ్మ చెప్పింది మామకు నేనే సమజ్ చేపిచ్చిన.

"మామా, మెదడు కింద బఠాణి గింజంత గ్రంథి ఉంటదట, పిట్యూటరీ అంటరు. దాని ఎనుక భాగం నుంచి ఒక హార్మోన్ వోయి కిడ్నీలకు 'నీళ్లు ఆపుర్రి' అని చెప్తది. నువ్వు పడ్డప్పుడు గది దెబ్బతిన్నది. చెప్పేటోడు లేక కిడ్నీలు నీళ్లన్ని ఇడిసిపెడుతున్నయ్."

"అంటే మాస్టర్ లేని కార్ఖానా."

"గంతే."

"మాస్టర్ లేకుంటే మేం మంచిగనే నడుపుతం గదరా!"

డాక్టరమ్మ డెస్మోప్రెసిన్ గోలీలు రాసింది. గా హార్మోన్ చేసే పని ఇవి చేస్తయట. ఒక్క మాట గట్టిగ చెప్పింది: గోలీ ఏసుకున్నంక దూపైతేనే తాగాలె. పాత అలవాటు మీద తాగితే నీళ్లు ఒంట్లనే నిలిచి, ఉప్పు పడిపోయి ఫిట్స్ గూడ రావొచ్చు.

పదిహేను దినాలకు మామ మల్ల పనికి వచ్చిండు. పరుశురాం నాలుగు సాంచాలే ఇచ్చి, తక్కిన నాలుగు నాకు అప్పజెప్పిండు. మామ పొద్దుగాల ఏడింటికి నిలవడి పదకొండు దాక కదలలే. పక్కనున్న బాటిల్ సగం గూడ తగ్గలే.

పరుశురాం రెండుపార్లు వచ్చి చూసిండు. "అన్నా, బయటికి పోవా?"

"రాకుంటే ఏం జెయ్యాలె తమ్మీ!"

గంతల నేనే రెండుపార్లు పోయొచ్చిన. రెండోపారి వచ్చేటాల్లకు నా సాంచ మీద తెగిన పోగు మామ ముడేసి నడిపిస్తుండు. పరుశురాం గాడనే నిలవడి చూస్తుండు.

"నువ్వు పక్కకు జరుగు," అన్నడు నాతోని. "గా నాలుగు గూడ అన్ననే నడుపుతడు."

మామ అప్పటికే పక్క సాంచ కాడికి వోయిండు.