బోర్లా పడిన సోడియం

అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. చదవడం వచ్చాక ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాను. సైన్సులో ఒకసారి తప్పాను కూడా. రెండోసారి కడుతుంటే మా ఇంటాయన మగ్గంలో కూర్చునే నవ్వాడు.

"ఈ వయసులో సైన్సు నీకెందుకే? మళ్లీ ఫెయిలైతే పుస్తకాలన్నీ బొరుగుల అంగడికి ఇచ్చేస్తా."

"ఇచ్చెయ్. పాసైతే మాత్రం నువ్వొచ్చి పలక పట్టల్ల," అన్నాను.

ఆయనది ఇప్పటికీ వేలిముద్రే. నవ్వు ఆగిపోయింది. పక్క మగ్గమాయన వింటున్నాడు కాబట్టి సరేననక తప్పలేదు.

నన్ను ముంచింది మూలకాల పట్టిక. పోయినసారి గడులన్నీ బట్టీపట్టి, మూడో వరుస దాటకముందే మరిచిపోయాను. ఈసారి హిందూపురం నుంచి మా ధర్మవరానికి వచ్చే టీచరమ్మ పట్టికను గోడకు తగిలిస్తే, నాకు చీరలాగా కనిపించింది. నిలువు వరుస పడుగు, అడ్డ వరుస పేక. పడుగు పోగు ఈ కొన నుంచి ఆ కొనదాకా ఒకటే రంగు. అట్లే సోడియానిదీ, దాని కింది పొటాషియానిదీ ఒకటే గుణం. రెండింటికీ బయటి కక్ష్యలో ఒక్క ఎలక్ట్రానే, ఎవరికి అంటగడదామా అని చూస్తుంటాయి. అడ్డంగా పోతే గుణం మారుతూ వస్తుంది: ఎడమన లోహాలు, కుడికి పోయేకొద్దీ అలోహాలు. కుడి అంచులోవాటికి కక్ష్య నిండిపోయి ఉంటుంది, ఎవరితోనూ కలవవు. మా ఆడబిడ్డ ఆ అంచు మనిషి.

పరీక్ష పెనుకొండలో. సోడియం, క్లోరిన్ పట్టికలో ఎక్కడుంటాయో గీసి, గుణాలు రాయమన్నారు. పొంగిపోయి గీశాను. గీశాక చూస్తే సోడియం కుడి పక్కన కూర్చుంది! నలభై ఏళ్లు నేసిన చెయ్యి మరి. మా మగ్గం మీద చీర బోర్లా ఉంటుంది, మాకు కనిపించేది వెనక పక్కే. పట్టిక కూడా నా తలలో అట్లే బోర్లా పడి, ఎడమ కుడి అయిపోయింది. సరిచూద్దామని అలవాటు కొద్దీ కాగితం తిప్పి, కిటికీ వెలుగుకు పట్టాను.

కాపలా సారు ఉరికొచ్చాడు. "ఏమవ్వా, చీటీ యాడ పెట్టినావు?"

"చీటీ లేదు నాయనా. చీర వెనక పక్క ఎట్లుంటాదో చూస్తాండా."

"చీర వెనకా!" అని ఆయన రెండడుగులు వెనక్కి వేసి, ఒక టీచరమ్మను పిలిచాడు. ఆయమ్మ నా రొంటి అంతా వెతికితే వక్కాకు దొరికింది.

అంతలో టైమంతా పోయింది. బొమ్మ కొట్టేసి, సోడియాన్ని ఎడమకు ఈడ్చి కూర్చోబెట్టాను. సోడియం ఒక ఎలక్ట్రాను ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది, కలిస్తే ఉప్పు అని రాస్తుండగానే గంట కొట్టారు.

పాసయ్యాను, అంచు మీద. అంచయినా చీరలోదే.

ఫలితాలొచ్చిన సాయంత్రం మా ఇంటాయన తువ్వాలు కింద పలక దాచుకుని వచ్చి, నా పక్కన చతికిలబడ్డాడు.

"యాడ నుంచి మొదలుపెట్టల్ల?"

"ఎడమ పక్క నుంచి," అన్నాను.

ఆయన బలపం తిన్నగా కుడి మూలకు పోయింది.