ప్యాంటు తడవని కొలత

మా మావయ్య ఉద్యోగం ఒడ్డును కొలవడం. వినడానికి పనీపాటా లేనివాడి కాలక్షేపంలా ఉంటుంది గానీ, జీతం నిజంగానే ఇస్తారు. రెండు కర్రలు, మధ్యలో ఒక తాడు. పైన పాతిన రాయి దగ్గర మొదలుపెట్టి నీళ్ళ వైపు నడుస్తూ, ఇసుక వాలు ఎక్కడ ఎంత దిగిందో చూస్తాడు. తడి దగ్గర ఆగకూడదు. నడుము లోతు దాకా దిగి నీళ్ళ కింద కూడా కొలవాలి. ఆయనకు గిట్టనిది అదొక్కటే. సముద్రం పక్కన పుట్టి పెరిగినా, స్నానానికి చెంబుతో కూడా బేరమాడే మనిషి.

మా అమ్మ ఆయనకు అక్క. ఒడ్డు మీద చెక్కలతో కట్టిన టీ కొట్టు ఆమెది. మా ఇల్లు గడిచేది దాని మీదే. ఇసుక జారుతుందని మావయ్య ముందే చెబితే, అమ్మ స్టవ్వూ బల్లలూ వెనక్కి జరుపుకునేది. తమ్ముడి మాట ఆమెకు శిలాశాసనం.

ఆ ఏడు తుఫాను వెలిశాక ఒడ్డు గుర్తుపట్టలేకుండా ఉంది. పెద్ద కెరటాలు ఊపిరి తీసుకోకుండా ఒకదాని మీద ఒకటి పడి, ఇసుకను గోకి లాక్కుపోయాయి. కొట్టు ముందు ఇసుక నడుమెత్తున గోడలా తెగి ఉంది.

అదే రోజు మావయ్య ఆఫీసులో గోడకు పెట్టే ఫోటో తీస్తున్నారు. ఇస్త్రీ మడత నలగని కొత్త ప్యాంటులో పెళ్ళికొడుకులా వచ్చాడు. దర్జాగా తడి దాకా నడిచాడు, ప్యాంటు వైపు చూసుకున్నాడు, వెనక్కి తిరిగాడు. ఇసుక పోయింది, ఇక రాదు, కొట్టు తీసేయమని అమ్మకు చెప్పాడు. అమ్మ మారుమాట లేకుండా కొట్టు విప్పించి బస్టాండు వెనక సందులోకి మార్చింది. ఆ సందులో మా గిరాకీ అంతా ఈగలే.

తర్వాత సముద్రం సద్దుమణిగింది. చిన్న కెరటాలు బద్ధకంగా వాలు ఎక్కేవి. ఎక్కిన నీళ్ళు సగం ఇసుకలోకే ఇంకిపోయేవి. తిరిగెళ్ళే నీళ్ళకు బలం చాలక, మోసుకొచ్చిన ఇసుకను ఒడ్డునే వదిలేసేవి. వారాలు గడిచేసరికి తెగిన చోటు పూడి, వాలు ముందుకన్నా నిటారుగా లేచింది. పోయిందనుకున్న ఇసుక ఎక్కడికీ పోలేదు. కాస్త లోపల, నీళ్ళ కింద తిన్నెలా పడుకుని ఉంది. ఆ రోజు దిగి ఉంటే మావయ్య కాళ్ళకే తగిలేది.

ఆయన మా సందు వైపు రావడం మానేశాడు. దారిలో కనిపిస్తే, ప్యాంటు భలే ఉంది మావయ్యా అన్నాను. మామూలుగా అయితే నెత్తి మీద మొట్టేవాడు. తల దించుకుని వెళ్ళిపోయాడు. నా జోకుకు నాకే నవ్వు రాలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం వచ్చాడు. అమ్మ ఖాళీ బల్లలు తుడుస్తోంది.

"ఇసుక వచ్చేసిందక్కా. కొట్టు మళ్ళీ అక్కడే పెట్టుకోవచ్చు."

"చూశాన్లే, నాకూ కళ్ళున్నాయి." అమ్మ గుడ్డ పిండింది. "ఒరేయ్, ఒక్కటి చెప్పు. ఆ రోజు నీళ్ళలోకి దిగావా?"

మావయ్య బల్ల మీది గ్లాసులు సర్దబోయాడు. "లేదక్కా. ఫోటో ఉందని... ప్యాంటు తడుస్తుందని."

"ప్యాంటా."

అంతే అంది. అమ్మ నోటి సంగతి తెలిసి నేను ముందే పక్కకు తప్పుకున్నాను. కానీ తిట్టలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆయన బతికిపోయేవాడు.

కొట్టు మళ్ళీ ఒడ్డుకు చేరింది. కొలతలకు వచ్చిన ఆఫీసు వాళ్ళు చూస్తుండగానే చెక్కలన్నీ మావయ్యే మోశాడు. గుంజ పట్టుకుని, ఎక్కడ పాతాలో చెప్పబోయాడు. అమ్మ ఆయన పక్కనుంచే నడిచి, బెలూన్లు అమ్మే అతని దగ్గరికి వెళ్ళి అడిగింది. అతను ఒడ్డుకు వచ్చి నెల కూడా కాలేదు. తన బెలూన్ల కన్నా ఎక్కువ ఉబ్బిపోయి, నీళ్ళకు బాగా దగ్గరగా కాలితో గీత గీశాడు.

"కాస్త వెనక్కి అయితే మంచిదక్కా," అన్నాడు మావయ్య.

అమ్మ బెలూన్లతని వైపు తిరిగింది. "మీరేమంటారు?"

అతను మావయ్యనీ, సముద్రాన్నీ చూసి, వెనక్కే మంచిదన్నాడు.

"అయితే సరే," అంది అమ్మ.

మావయ్య తల ఎత్తకుండా గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. నేను ఎప్పటిలా పారకు అడ్డుగా కాళ్ళు పెట్టి ఆటపట్టించలేదు. గుంజ రెండో చివర పట్టుకున్నాను.