అడవి వీరుడి టోపీకి తోక

అమెరికన్ అడవి వీరుడి మహాగాథ చెబుతానని మొదలుపెట్టాను గానీ, ఇది ఒట్టి టోపీ గొడవ.

ఎనభై రెండులో కెంటకీలోని ఒక చిన్న ఊళ్లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్‌స్టేషన్ గోడ మీద, రెండొందల ఏళ్ల కిందట అక్కడి అడవుల్లో దారి వేసిన ఆ వీరుడి బొమ్మ వేస్తున్న పెద్దావిడ నన్ను నిచ్చెన పట్టుకోమంది. అంతకుముందు తను వేసిన వెడల్పు అంచు మామూలు టోపీని కప్పేస్తూ, తోక వేలాడే బొచ్చుటోపీ వేస్తోంది.

“ఆయన ఇలాంటిది జన్మలో పెట్టుకోలేదు, హనీ,” అంది విసుగ్గా.

“మరెందుకు వేస్తున్నారు మేడమ్?”

“టీవీలో చూసిన ఆ తోక లేకపోతే ఈ పాస్టరెవరని ఊరంతా అడుగుతోంది. రేపటికి మార్చకపోతే మేయర్ గోడకి సున్నం కొట్టించేస్తాడు.”

“మా ఊళ్లో బొమ్మ పోలకపోతే కింద పేరు రాసేస్తారు.”

“రాశాను. పేరు తప్పన్నారు.”

తోక పూర్తయ్యాక, దారిన పోయే ఒకాయన ఆగి, “ఇప్పుడు అచ్చం ఆయనే” అన్నాడు. ఆవిడ మొహం చూడలేక తల దించుకున్నాను. తోక రంగు కారి నా చొక్కా మీద పడింది. ఆయిల్ పెయింట్ నీళ్లతో పోదు.