యూరియా వేయని మడి

మిర్యాలగూడ దగ్గర కాలువ కింది పొలాల మధ్య యూరియా వేయకుండా వరి పెంచి చూడండి. పిల్లలకు అన్నం పెట్టని తల్లిని చూసినట్టు చూస్తారు. ఎనభయ్యో దశకం చివర్లో నేను అలాంటి తల్లిని.

అప్పుడు నాది ఒక వరి పరిశోధన క్షేత్రంలో చిన్న ఉద్యోగం. హాలియా వైపు ఒక రైతు దగ్గర దొరికిన పాత పొడుగు రకాన్ని, అందరూ వేసే పొట్టి రకంతో సంకరం చేశాను. నేలలో నత్రజని తగ్గితే పాత రకం వేళ్ళు లోతుకు దిగేవి. ఆ గుణం రెండో తరం పిల్ల మొక్కలకు వస్తుందా, రాదా? నాకు కావలసింది ఆ ఒక్క జవాబు. అందుకే ఆ మడికి యూరియా వేయలేదు.

సూర్యాపేట నుంచి వచ్చే మా అధికారిది కోదాడ అవతలి ఊరు. "యూరియా ఊరూరా దొరుకుతుంటే వేళ్ళు తవ్వుకుంటూ కూర్చుంటావేంటమ్మా?" అనేవాడు. ఒక్క పంట గడువిచ్చాడు. తేడా కనబడకపోతే ఫైలు మూసేయాలి.

పంట చివర మొక్కలు తవ్వి కడిగితే అన్ని వేళ్ళూ బెత్తెడే. పక్కన పోలికకు నాటిన పాత రకం వేళ్ళు కూడా బెత్తెడే! ఎరువు పడితే తప్ప అలా జరగదు. మడిలో కూలికి కలుపు తీసే ముసలామెను, అందరూ పెద్దమ్మ అనే ఆమెను, అడిగాను. దాచకుండా చెప్పింది.

"సంటిపిల్లల లెక్క పాలిపోయినయి బిడ్డా. సూడలేక మా పొలానికి తెచ్చుకున్న దాంట్ల రెండు దోసిళ్ళు సల్లిన. నిన్నెవలన్న తిడ్తరేమో అనుకున్న."

ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు అరిచాను. తర్వాత సిగ్గేసింది. మొక్కల్ని ఎందుకు మాడుస్తున్నానో ఆమెకు ఒక్కరోజైనా చెప్పానా? ఆ రోజు గట్టు మీద కూర్చుని అంతా చెప్పాను.

అధికారి మాత్రం, "ఆ కూలీ పేరు రాసివ్వు, ఫైలు మూసెయ్" అన్నాడు.

"పేరు రాయను. ఫైలూ మూయను" అన్నాను.

"అయితే భూమి లేదు, మనుషులు లేరు."

"వద్దు" అన్నాను. మిగిలిన విత్తనం నా దగ్గరే ఉంది.

నిడమనూరు దగ్గర, కాలువ చివర తనకున్న కాస్త పొలంలో ఒక మడిని పెద్దమ్మే ఇచ్చింది. దారిన పోయేవాళ్ళు నవ్వితే తనే తగులుకునేది. "మాడనియ్యి. లోపట ఏర్లు ఏం జేస్తున్నయో నీకెర్కనా?"

ఈసారి తవ్వితే పాత రకం వేళ్ళు జానెడు దాటాయి. పొట్టి రకానివి బెత్తెడే. పిల్ల మొక్కల్లో కొన్ని పాత రకంలా, కొన్ని పొట్టి రకంలా, చాలావరకు మధ్యస్థంగా వచ్చాయి. గుణం దిగింది! గట్టు మీద గంతులేశాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

బురద కారుతున్న వేళ్ళను అలాగే తీసుకెళ్ళి అధికారి బల్ల మీద పెట్టాం. ఒక వేరుకు జాన పెట్టి చూశాడు. "క్షేత్రం బయట చేసింది రికార్డులోకి రాదు" అన్నాడు.

"రాకుంటె మాయె సారూ" అంది పెద్దమ్మ, "మా పొలంలకైతె వచ్చినయి."

పొడుగు వేళ్ళ మొక్కల వడ్లు విడిగా దాచుకున్నాం. వానాకాలం రాగానే, ఎవరినీ అడగకుండా, నారు పోశాం.