బాలానగర్ నూలుమిల్లులో నాటకం

పది రోజులుగా వెళ్లడానికి ఆఫీసు లేకపోయినా లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని మియాపూర్‌లో మా ఇంటి నుంచి బయల్దేరుతున్నాను. ఉద్యోగం పోయిందని మా ఆవిడ సరోజకు చెప్పలేదు. ఆ శనివారం కూడా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని ఉందని అబద్ధమాడి హైటెక్ సిటీ వచ్చాను. ఎక్కడా అరగంట కూర్చోలేకపోతున్నాను. మెట్రో మెట్ల దగ్గర ఒక పోస్టరు కనిపించింది. బాలానగర్‌లో మూతపడిన నూలుమిల్లును నాటకశాల చేశారట, సాయంత్రం ఐదున్నరకు ప్రదర్శన. నాటకం మీద ఆసక్తి కాదు, ఎటో ఒకవైపు కదలాలి, అంతే.

మూడింటికి రైలెక్కి, అమీర్‌పేటలో మారి, ముప్పావు గంటలో బాలానగర్‌లో దిగాను. అక్కడి నుంచి షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. లేత్ షాపుల సందు చివర మిల్లు. రెండు వందలు పెట్టి టికెట్ కొని లోపలికి వెళ్లాను. రంపపు పళ్లలాంటి పైకప్పు, దాని అద్దాల్లోంచి పడే వెలుగు, నేల మీద యంత్రాలు బిగించిన బోల్టుల గుంతలు. పైదూలాలకు దూది పీచు ఇంకా అంటుకునే ఉంది. ఇంత చోటున్నా నా కాలు ఒకచోట నిలవలేదు.

"ఏంది సారూ, గిట్ల తిరుగుతున్నవ్? జర కూసో," అంది చాయ్ అమ్మే లక్ష్మమ్మ. ఒకప్పుడు ఇదే మిల్లులో నూలు వడికేదట. "మిల్లు బంద్ అయినంక గూడ రోజూ డబ్బా పట్టుకొని గేటు కాడికి వచ్చేదాన్ని. ఇంట్ల చెప్పలే. మా ఆయనకు పక్కింటోళ్లు చెప్పిన్రు. పని పోయినందుకు కాదు, వేరేటోళ్ల నోట విన్నందుకు నెల రోజులు మాట్లాడలే."

చాయ్ సగంలోనే వదిలి బయటికొచ్చి సరోజకు ఫోన్ చేశాను. చెప్పేశాను.

"పది రోజులూ క్యారేజీ కట్టి పంపానండీ," అంది. "ఎక్కడున్నారు?"

చెప్పాను.

"కదలకండి. వస్తున్నా."

ఐదూ ఇరవైకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తన టికెట్ తనే కొనుక్కుంది.

భయం పోయిందని రాయను. ఈఎంఐలు, ఇంటర్వ్యూలు అలాగే ఉన్నాయి. అయినా నాటకం నడిచిన గంటన్నర సేపు లేవకుండా కూర్చున్నాను, పది రోజుల్లో అదే మొదటిసారి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: సీట్లకు నంబర్లు లేవు. ఇద్దరైతే ఐదింటికల్లా లోపలికి వెళ్లండి. మాకు పక్కపక్కన దొరకలేదు. తను మూడు వరుసలు ముందు కూర్చుంది. నాటకం నడుస్తుండగా రెండుసార్లు వెనక్కి తిరిగి, నేనున్నానో లేదో చూసుకుంది.