కొబ్బరి డొక్క బిరడా

మొన్న పెళ్ళిభోజనం చేసి వచ్చాక కడుపు బరువుగా ఉందంటే, మా కోడలు పద్మ ఏదో పొట్లం చింపి గ్లాసుడు నీళ్ళలో పోసింది. బుస్సుమని నురుగు లేచింది. సన్నటి తుంపర, దానితోపాటే పిప్పరమెంటు వాసన ముక్కుకు తగిలాయి. నేను గ్లాసు అందుకుని నోటికి కాకుండా చెవికి ఆనించుకున్నాను. "అదేమన్నా ఫోనా మావయ్యగారూ?" అని పద్మ నవ్వింది. పాత అలవాటమ్మా అన్నాను. ఆ అలవాటు నాకు అంటించిన మనిషి మాత్రం ఆ పూటంతా కళ్ళముందే ఉంది.

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది నేను అల్లవరం వైపు, కాలవగట్టు మీదున్న ఒక చిన్న డిస్పెన్సరీలో ఫార్మసిస్టుని. నా పైన సీనియరు ఫార్మసిస్టు రత్నమాంబగారు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పేరు ఎవరికీ తెలియదు, మందులమ్మగారు అంటేనే తెలుసు. పొట్టి మనిషి. ఎడమ కనుబొమ్మని రెండు ముక్కలు చేసిన పాత మచ్చ ఒకటి ఉండేది. ఆ రోజుల్లో కడుపుమంటకి మాత్రల కన్నా సీసా మందే ఎక్కువ. బిస్మత్ సబ్ నైట్రేట్ అనే తెల్లటి బరువైన పొడి, తినే సోడా, పిప్పరమెంటు నీళ్ళు కలిపి మేమే తయారుచేసేవాళ్ళం. ఆ కలయిక ఇప్పుడు ఎవరూ వాడరు. సీసాలు రోగులే ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకునేవారు. మూత లేని సీసాకి కొబ్బరి డొక్క, అంటే కాయ మీది పీచు, ముక్క చెక్కి బిరడాగా కుక్కేవారు.

బిస్మత్ డబ్బా తెరిచే ముందు ఆవిడ ఫ్యాను ఆపేసేవారు. ముక్కుకి రుమాలు కట్టుకునేవారు. ఎంత ఉక్కపోసినా సరే. ఒకసారి నేను ఆ డబ్బాని గంధకం సీసా పక్కన సర్దితే, తీసి అవతలి గోడ దగ్గర బీరువాలో పెట్టేశారు. "ఇది తనంతట తాను మండదండి. మండేదానికి దన్ను ఇస్తుంది. అలాంటి వాళ్ళని దూరంగానే కూర్చోబెట్టాలి" అన్నారు. ఇంకోసారి ఒక ముసలమ్మ తన మందులోంచి మూడు నెలల మనవడికి ఓ చెంచా పడతానంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు బల్ల మీద చెయ్యి వేసి గట్టిగా చెప్పారు. "వద్దు మామ్మగారూ. పసివాళ్ళ పేగుల్లో ఇది విషంగా మారుతుంది. ఒళ్ళు నీలంగా తిరిగిపోతుంది. ఇటు తెండి బిడ్డని, డాక్టరుగారు చూస్తారు." ముసలమ్మ గొణుక్కుంటూనే మనవణ్ణి తెచ్చింది.

అన్నిటికన్నా నాకు వింతగా తోచింది మందు తయారీ. బిస్మత్, సోడా కలిపి మరిగిన నీళ్ళు పోసి, వెడల్పు మూతి జాడీలో పల్చటి గుడ్డ కట్టి మర్నాటిదాకా వదిలేసేవారు. పొద్దున్నే వచ్చి జాడీకి చెవి పెట్టేవారు. లోపల చిటపటమని ఏ కొంచెం వినిపించినా, "ఇంకా మాట్లాడుతోందండి. పొయ్యకండి" అనేవారు. ఎందుకని అడిగితే "పొయ్యకూడదు, అంతే" అనేవారు. చదువుకున్న పాఠమే అయినా నాకు గుర్తు లేదు. "ఈవిడ జాడీతో కబుర్లు చెబుతుంది" అని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

మే నెలలో ఒక రోజు ఆవిడ మొక్కు తీర్చుకోవడానికి మురమళ్ళ వెళ్ళారు. జాడీ ఖాళీ అయిపోయింది. బయట అయిదుగురు కడుపుమంట మందు కోసం కూర్చున్నారు. రేపు రమ్మనాలంటే నాకు నామోషీ అనిపించింది. చన్నీళ్ళతో అప్పటికప్పుడు కలిపేసి సీసాల్లో పోశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ డొక్క బిరడాల మీద నాకు ముందునుంచీ అసహ్యం. పీచు, మట్టి, ఎవరెవరి ఎంగిలో. వాటిని చెత్తబుట్టలో పారేసి, స్టోర్సులో ఉన్న కొత్త రబ్బరు బిరడాలు బిగించి, మెడకి పురికొస కూడా కట్టాను. ఎవరెవరికి ఇచ్చానో పేర్లు డైరీలో రాసుకుని, ఎంత శుభ్రంగా చేశానో అని పొంగిపోయాను.

మూడింటికి రత్నమాంబగారు వచ్చారు. ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టబోతూ చెత్తబుట్ట వంక చూసి ఆగిపోయారు. "డొక్కలన్నీ ఇక్కడున్నాయేంటండి మూర్తిగారూ?" చెప్పాను. పొట్లం బల్ల మీద పెట్టేశారు. "ఆ రెండూ కలిస్తే గాలి పుడుతూనే ఉంటుందండి. డొక్కలోంచైతే పోతుంది. రబ్బరులోంచి ఎలా పోతుంది? ఎండకి సీసా పేలుతుంది. పేర్లున్నాయా?" డైరీ తీశాను. "మంచి అలవాటు. సైకిలు తియ్యండి" అన్నారు. ఆవిడ వెనక ఎలా కూర్చుంటారా అని నేను తటపటాయిస్తుంటే, "మొహమాటాలకి టైము లేదు" అని క్యారియరు మీద కూర్చున్నారు. దారిలో ఒక్క మాటే అన్నారు. "మనవాళ్ళు డొక్క బిరడా చేత్తో తీస్తారా అండీ? పళ్ళతో పీకుతారు." నేను మరింత గట్టిగా తొక్కాను.

ముగ్గురి సీసాలు తేలిగ్గానే దొరికాయి. ప్రతి ఇంట్లోనూ తడిపిన గోనెసంచి కప్పి, మొహం పక్కకి తిప్పి, పురికొస కోసి ఆవిడే బిరడా వదులు చేశారు. ప్రతిసారీ టప్పుమంది. నేను సీసా పట్టుకుని బయటికి వస్తుంటే గుమ్మంలో ఆపేవారు. "ఎందుకు తీసుకెళ్తున్నామో చెప్పండి. చెప్పకుండా పట్టుకెళ్తే దొంగతనం అవుతుంది." పొరపాటు నాదేనని చెప్పుకున్నాను. నాలుగో ఆయన సత్తిరాజుగారు సీసా వదల్లేదు. "ఒక్క మోతాదుకే మంట తగ్గిందండి. మీరు తప్పు కలిపిందే బాగున్నట్టుంది. రోజూ అలాగే కలపండి!" అన్నారు. తాగేటప్పుడు ఆయన తీసి అరచేత్తో తిరిగి నొక్కిన బిరడా అప్పటికే సగం పైకి లేచి ఉంది. రత్నమాంబగారు అది చూపించాక ఆయనే భయపడి సీసా దూరంగా పెట్టారు.

అయిదోది కొబ్బరికాయలు ఒలిచే వీర్రాజుది. అతనిల్లు కాలవ అవతల. బల్లకట్టు దాటి వెళ్ళేసరికి వీర్రాజు అరుగు మీద పడుకుని ఉన్నాడు. అతని భార్య నాగమణి గుమ్మంలో కూర్చుని, సీసా మోకాళ్ళ మధ్య బిగించి, పురికొస తెంపేసి, బిరడా మీదికి వంగి ఉంది. రబ్బరు పళ్ళమధ్య ఉంది. నేను అరవబోయాను. రత్నమాంబగారు నా చెయ్యి గిల్లి ఆపి, పేరంటానికి వచ్చినంత నెమ్మదిగా పిలిచారు.

"నాగమణీ, దాహంగా ఉందమ్మా. సీసా అలా కింద పెట్టి, ముందు కాసిని మంచినీళ్ళు ఇద్దూ."

"ఆయ్, అమ్మగారా! ఇదిగో తెత్తాను" అంటూ నాగమణి తల ఎత్తి, సీసాని గోడవార నిలబెట్టి లోపలికి వెళ్ళింది. ఆవిడ కుండ దగ్గరికైనా చేరిందో లేదో, బిరడా దానంతటదే తన్నుకుని చూరులో తాటాకు చీల్చుకుపోయింది. నురుగు గోడంతా పాకింది. చెంబుతో పరుగెత్తుకొచ్చిన నాగమణి గోడనీ చూరునీ చూసి, "మా ఆయన కడుపులో గోలంతా ఈ సీసాలోనే ఉందేటండీ!" అంది. వీర్రాజు లేచి కూర్చుని, "ఇది నేను తాగుంటే నన్నెక్కడ ఎతుక్కునేవోరు?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చిరుగులో నాకు నాగమణి మొహమే కనిపించింది. అక్కడా తప్పు చెప్పుకున్నాను.

తిరిగి వస్తుంటే బల్లకట్టు మీద అడిగాను, అరవనివ్వలేదేమని. "అరిస్తే ఉలిక్కిపడి లాగేసేదండి. చేతిలో ప్రమాదం ఉన్నవాళ్ళని కంగారు పెట్టకూడదు. వేరే పని చెప్పాలి" అన్నారు. కనుబొమ్మ మీది మచ్చ తడుముకున్నారు. "ఇదీ అలాంటి సీసాదే. మీ వయసులో. పొయ్యకూడదు అన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. చెప్పాలంటే దీని సంగతి చెప్పాల్సొస్తుందని సిగ్గు. ఇవాళ తప్పులో సగం నాది."

మర్నాడు చెత్తబుట్టలో డొక్కలు నా చేతే పారేయించి, కొత్తవి చెక్కించి, మరిగించి ఎండబెట్టించారు. శుభ్రం గురించి మీరన్నది నిజమే అన్నారు. ఆనాటి డైరీ పేజీలో అయిదు పేర్ల పక్కన అయిదు టిక్కులున్నాయి. నాలుగు నావి. వీర్రాజు పేరు పక్కన ఎర్ర పెన్సిలుతో పెట్టింది ఆవిడ. ఆ తర్వాత సర్వీసంతా నేను ఎవరికి ఏ జాగ్రత్త చెప్పినా, కారణం చెప్పకుండా వదల్లేదు. అది నా తప్పుని బయటపెట్టే కారణమైతే మరీను.

మొన్న కూడా "అలవాటు" అని ఊరుకోబోయాను. అప్పుడు ఆవిడ కనుబొమ్మ తడుముకోవడం గుర్తొచ్చింది. పద్మని కూర్చోమన్నాను. చెత్తబుట్టలో డొక్కల దగ్గర్నుంచి చూరులో చిరుగుదాకా అంతా చెప్పాను. అయ్యేసరికి గ్లాసులో చప్పుడు ఆగిపోయింది. పద్మ దాన్ని అందుకుని, ముందు తన చెవికి ఆనించుకుని, తర్వాతే నా చేతికిచ్చింది.